హోమ్ కేర్ అటెండెంట్ సర్వీసు, పైన ‘తోడు’ ప్యాకేజీ: 14 నెలలు వాడాక నా రివ్యూ

మా అమ్మకి 79 ఏళ్ళు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయ్యాక లేవాలన్నా, బాత్రూమ్‌కి వెళ్ళాలన్నా పక్కన మనిషి ఉండాల్సిందే. నేనూ మా ఆయనా పొద్దున పోతే రాత్రికి గానీ ఇల్లు చేరం, అందుకని ఒక హోమ్ కేర్ ఏజెన్సీని మాట్లాడుకుని పగలొకరిని, రాత్రొకరిని పెట్టుకున్నాం. ఏజెన్సీ పేరు రాయట్లేదు. నేను చెప్పబోయే లోపం వాళ్ళొక్కరిదే అయితే రాసేదాన్నేమో, కానీ ఇలాంటి సర్వీసు వాడుతున్న ఇంకో ఇద్దరు ముగ్గురిని అడిగితే వాళ్ళ ఇళ్ళలోనూ ఇదే వరస.

ముందు మంచి మాట. ఒంటికి చెయ్యాల్సిన సేవలో వంక పెట్టడానికి లేదు. మొదటి నెలన్నర అమ్మ మంచం మీదే ఉన్నా వీపు మీద ఒక్క పుండు పడలేదంటే, రెండేసి గంటలకోసారి పక్క మార్చి పడుకోబెట్టారు కాబట్టే. మాత్రలు ఒక్క పూట తప్పలేదు. వాకర్‌తో నడిపించేటప్పుడు నడుముకి బెల్టు కట్టి వెనక నుంచి పట్టుకోవడం, బాత్రూమ్‌లో తడి తుడిచాకే లోపలికి తీసుకెళ్ళడం, ఇవన్నీ నేర్పి పంపారు. రోజూ సాయంత్రం ఏడింటికల్లా యాప్‌లో రిపోర్టు వచ్చేది: బీపీ, షుగరు, స్నానం, విరేచనం, ఎన్ని అడుగులు నడిచింది, ఎంతసేపు నిద్రపోయింది. అన్నిటికీ ఎదురుగా పచ్చ టిక్కు. ఆఫీసులో కూర్చుని ఆ టిక్కులు చూసుకుని నిశ్చింతగా ఉండేదాన్ని.

నాలుగో నెలలో సూపర్‌వైజర్ ఫోన్ చేసింది. "మేడమ్, అమ్మగారు ఊరికే బెల్లు కొడుతున్నారండీ, మా అమ్మాయికి కాసేపు కూర్చోడానికి కూడా కుదరట్లేదు, దీన్ని ఎక్కువ పని ఉండే కేసు కింద మార్చాలి, ఛార్జీ కూడా మారుతుంది" అంది. మంచం పక్కన ఒక రిమోట్ బెల్లు పెట్టాం, నొక్కితే హాల్లో మోగుతుంది. అత్యవసరానికని పెట్టిందది. నాకు కోపం వచ్చింది, అమ్మ మీద కూడా వచ్చింది. రాత్రి అడిగితే "నేనెక్కడ కొట్టానే, ఒకటి రెండు సార్లు కొట్టుంటాను" అంది.

సరే అని నాలుగు రోజులు సెలవు పెట్టి, పక్క గదిలో కూర్చుని బెల్లు మోగినప్పుడల్లా టైము, అమ్మ ఏమడిగిందీ ఒక నోట్‌బుక్‌లో రాశాను. దిండు సర్దు. లైటు వెయ్యి. ఎండ పడుతోంది, పరదా లాగు. పది నిమిషాలకి, చీకటిగా ఉంది, పరదా తియ్యి. టైమెంతయింది? గేటు చప్పుడైనట్టుంది, ఎవరొచ్చారో చూడు. ఏ పనికీ అర నిమిషం పట్టదు. రెండో రోజు లెక్క వేస్తే 31 సార్లు, అందులో 19 సాయంత్రం నాలుగుకీ ఏడుకీ మధ్యే. అటెండెంట్ అమ్మాయి ప్రతిసారీ వెళ్ళింది, విసుక్కోలేదు, అడిగింది చేసింది, వచ్చి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుంది. మాట మాత్రం లేదు. ఒకసారి తలుపు సందులోంచి చూశాను. ఆ అమ్మాయి వంగి దిండు సర్దుతుంటే అమ్మ ఆమె యూనిఫాం అంచుని రెండు వేళ్ళతో పట్టుకుంది. ఆ అమ్మాయి మెల్లగా విడిపించుకుని వచ్చేసింది. అమ్మ చెయ్యి చాలాసేపు అలాగే గాల్లో ఉండిపోయింది.

నాలుగు నుంచి ఏడు దాకా ఎందుకు అనేది నాకు తట్టడానికి మరో రోజు పట్టింది. మా పెద్దమ్మ పోయి అప్పటికి ఏడాది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ రోజూ సాయంత్రం నాలుగున్నరకి అమ్మకి ఫోన్ చేసేది, ఇద్దరూ గంట, గంటన్నర మాట్లాడుకునేవాళ్ళు. ఏం మాట్లాడుకునేవాళ్ళని అడిగితే నేను చెప్పలేను, పక్కనే తిరుగుతూ ఎప్పుడూ చెవిన పెట్టలేదు. ఆ ఫోన్ ఆగిపోయిన సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఆ వేళలో ఇప్పుడు అమ్మ ఏం చేస్తోందన్నది ఎవరూ ఆలోచించలేదు. తర్వాత చదివాను, రాబర్ట్ వైస్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లోనే ఒంటరితనాన్ని రెండు రకాలుగా విడదీశాడట. నలుగురితో కలిసే అవకాశం లేక వచ్చేది ఒకటి, మనసుకి దగ్గరైన ఆ ఒక్క మనిషి లేక వచ్చేది ఇంకొకటి, ఒకదానికి చేసే మందు ఇంకొకదానికి పనిచెయ్యదని. అమ్మకి రెండూ ఉన్నాయి. మనం మాత్రం "ఇంటినిండా మనుషులం ఉన్నాం కదా, పగలూ రాత్రీ తోడుంది కదా" అంటాం.

నోట్‌బుక్ పట్టుకుని ఏజెన్సీ వాళ్ళతో మాట్లాడాను. సూపర్‌వైజర్ మంచిదే, విన్నది, కానీ "ఇది మూడ్ మేడమ్, పెద్దవాళ్ళకి మామూలే, మెడికల్ కాదు కదా" అంది. నాకు ఒళ్ళు మండింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ కమిషన్ 2025లో ఇచ్చిన రిపోర్టు ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరిని ఒంటరితనం బాధిస్తోంది, దానితో ముడిపడిన మరణాలు ఏడాదికి సుమారు 8 లక్షల 71 వేలు. గుండె జబ్బు, పక్షవాతం, షుగరు, డిప్రెషన్ అన్నిటితోనూ దీనికి సంబంధం ఉందని అందులోనే ఉంది. రోజుకి రెండుసార్లు బీపీ చూసి యాప్‌లో ఎక్కించేవాళ్ళు దీన్ని మూడ్ అని తోసెయ్యడం ఏం న్యాయం? పైగా వాళ్ళ ట్రైనింగ్‌లో "పేషెంటుతో సొంత కబుర్లు వద్దు" అని చెప్తారట. మూడు నెలలకోసారి మనిషిని మార్చెయ్యడం కూడా కావాలని చేసేదే, అటెండెంట్ ఇంటివాళ్ళకి బాగా దగ్గరైతే ఏజెన్సీని తప్పించి నేరుగా మాట్లాడేసుకుంటారని భయం. వాళ్ళ వ్యాపారం వాళ్ళది, కాదనను. కానీ అమ్మకి కొత్త మనిషి మొహం, పేరు అలవాటయ్యేసరికి ఆ మనిషి వెళ్ళిపోయేది.

ఇంకొకటి, ఇది అన్ని ఏజెన్సీలూ వినాలి. అమ్మ ఎదురుగా ఉండగా నన్ను "ఈవిడ పడుకున్నారా, ఈవిడకి మోషన్ అయిందా" అని అడిగేవాళ్ళు. అమ్మ వింటూ నావైపు చూసేది. కొన్నాళ్ళకి తనే జవాబు చెప్పడం మానేసింది, డాక్టర్ అడిగినా నా మొహమే చూసేది. దాన్ని మతిమరుపు మొదలైందేమో అనుకుని నేను టెన్షన్ పడ్డాను.

బెల్లు కొట్టే పేషెంటు కనీసం పిలుస్తోంది. అసలు కొట్టనివాళ్ళ సంగతి ఏమిటి? "ఫలానా ఇంట్లో పెద్దాయన బంగారం, రోజంతా ఒక్క మాట అనరు, ఏ ఇబ్బందీ పెట్టరు" అని ఒక అటెండెంట్ మెచ్చుకుంటూ చెప్తే నాకు గుండె ఝల్లుమంది. ఇంతకుముందు రోజూ పేపరు చదివే మనిషి చదవడం మానేస్తే, కిటికీ వైపు కుర్చీ వేయించుకునే మనిషి గోడ వైపు తిరిగి పడుకుంటే, ఫోన్ వస్తే "బాగానే ఉన్నాను, ఉంటాను మరి" అని పెట్టేస్తే, పగలు నిద్ర పెరిగి రాత్రి మేలుకుంటే ఎవరైనా ఆగి అడగాలి కదా. మా ఫిజియోథెరపీ అబ్బాయి ఒకసారి నవ్వుతూ అన్నాడు, తను బ్యాగు సర్దుకోగానే అమ్మకి కొత్త నొప్పి మొదలవుతుందని. మోకాలు, మోచెయ్యి, మెడ, ఏదో ఒకటి. నేను కూడా నవ్వాను ఆరోజు, ఇప్పుడు తలచుకుంటే బాధేస్తుంది.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది చెవి మిషన్. అమ్మకి రెండు చెవులకీ మిషన్లున్నాయి. రోజూ పొద్దున పెడుతున్నారు, రాత్రి తీస్తున్నారు, రిపోర్టులో దానికీ పచ్చ టిక్కే. ఒకరోజు చూద్దును కదా, ఒకదాంట్లో బ్యాటరీ పూర్తిగా అయిపోయి ఉంది, రెండోదాని గొట్టంలో గులిమి గడ్డకట్టి ఉంది. ఎన్ని వారాలుగా అలా ఉందో దేవుడికి తెలియాలి. అంటే అమ్మ చెవుల్లో రెండు బిరడాలు పెట్టుకుని, అందరూ పెదాలు కదుపుతుంటే చూస్తూ కూర్చుందన్నమాట. చిన్న బ్యాటరీలు వారం, పది రోజులకి మించి రావు, దాని మీదున్న స్టిక్కర్ పీకిన క్షణం నుంచే ఛార్జి దిగడం మొదలవుతుంది. మిషన్ పనిచేస్తోందా లేదా చూడ్డం చాలా తేలిక: ఆన్ చేసి అరచేతిలో పెట్టుకుని గుప్పిట మూస్తే కీచుమని సన్నగా కూత రావాలి, రాకపోతే బ్యాటరీయో, అడ్డమో చూసుకోవాలి. పావు నిమిషం పని. ఎవరూ నేర్పలేదు, ఎవరూ చెయ్యలేదు. వినికిడి తగ్గడం, చూపు తగ్గడం, మనుషులకి దూరమైపోవడం మూడూ 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ డిమెన్షియా, అంటే ముదిరే మతిమరుపు జబ్బు, తెచ్చే ముప్పులుగా లెక్కపెట్టిన 14లో ఉన్నాయి, మూడూ మనం ఎంతో కొంత సరిచెయ్యగలిగినవే.

ఇక ‘తోడు’ ప్యాకేజీ. నేను గట్టిగా మాట్లాడాక వాళ్ళే చెప్పారు, వారానికి రెండుసార్లు గంటన్నర చొప్పున మాట్లాడ్డానికే ఒక మనిషిని పంపుతామని, దానికి విడిగా ఛార్జీ అని. తీసుకున్నాను. మొదటి రెండు నెలలకి నేను ఇచ్చేది ఐదులో ఒకటి. ప్రతివారం కొత్త మనిషి, చేతిలో ఒక ట్యాబ్, అందులో బొమ్మలు జతచేసే ఆటలు. "మీ పేరేంటండీ, పిల్లలెంతమంది, ఏం పని చేసేవారు" అని ప్రతిసారీ మొదట్నుంచీ. నాలుగో మనిషి వచ్చి వెళ్ళాక అమ్మ "నా కథ నేనెన్నిసార్లు చెప్పనే, ఈసారి రాసిపెట్టు, ఇచ్చేద్దాం" అంది. ఒకసారి వాళ్ళ సెంటర్లో జరిగే గ్రూపు కార్యక్రమానికి కూడా తీసుకెళ్ళారు. ఇరవై మంది ఉన్న హాలు, మైకు, చప్పట్లు. చెవి మిషన్‌లో అంత గోలలో ఎదుటి మనిషి మాట విడిగా వినబడదు. ఇంటికొచ్చి "అంతమందిలో ఒక్కరూ నావైపు తిరగలేదు" అని పడుకుంది. మనుషుల్ని తెచ్చి ఒకచోట కూర్చోబెట్టినంత మాత్రాన ఒంటరితనం పోదని పరిశోధకులు ఎప్పుడో చెప్పారు. 2011లో షికాగో యూనివర్సిటీ వాళ్ళు అప్పటిదాకా వచ్చిన ప్రయోగాలన్నీ కలిపి చూస్తే, కలుసుకునే అవకాశాలు పెంచడం కన్నా, "నన్నెవరూ పట్టించుకోరు, నేను అందరికీ బరువు" అని మనసులో స్థిరపడిపోయిన ఆలోచన మీద పనిచేసినవే ఎక్కువ ఫలితం ఇచ్చాయి. ఏజెన్సీ వాళ్ళకి ఇది ఎవరు చెప్పాలి మరి.

మధ్యలో ఒక మాట్లాడే స్పీకర్ కూడా ఇచ్చి చూశారు. వారం రోజులు బాగానే గడిచింది, తర్వాత అమ్మ దాన్ని పక్కన పెట్టేసింది. "నేనడిగితే చెప్తుంది, దానంతట అది నన్నేమీ అడగదు" అంది. డిమెన్షియా ఉన్నవాళ్ళ సంగతి వేరు. జపాన్‌లో తయారైన పారో అనే సీల్ పిల్ల రోబో అలాంటివాళ్ళకి ఊరటనిస్తోందని చాలా దేశాల్లో వాడుతున్నారు, నిమిరితే కళ్ళు మూస్తుంది, పిలిస్తే తల తిప్పుతుంది. దాన్ని నేను తక్కువ చెయ్యను. మా అమ్మకి కావాల్సింది మాత్రం అది కాదు.

ప్యాకేజీ తీసుకున్న మూడో నెలలో నేను ఒకటే షరతు పెట్టాను, ఎప్పుడూ ఒకే మనిషిని పంపండి, లేదంటే ప్యాకేజీ రద్దు. అప్పుడొచ్చింది ఇప్పుడున్న అమ్మాయి. మొదటిరోజు ట్యాబ్ తియ్యనేలేదు. అమ్మ ముప్పై ఏళ్ళు బట్టలు కుట్టి మమ్మల్ని పెంచిందని ఎక్కడో మాటల్లో విని, రెండోసారి వచ్చినప్పుడు తన బ్యాగు ముందు పెట్టి "పట్టీ ఊడిపోతోందమ్మా, ఎలా కుట్టాలో చెప్తారా" అని అడిగింది. ఆరోజు నేను ఇంట్లోనే ఉన్నాను. అమ్మ బ్యాగు తిరగేసి, పట్టీ లాగి చూసి, "ఇది ఎవరు కుట్టారు, ఒంటి దారంతో కుడితే బరువు ఆగుతుందా?" అని కోప్పడింది. ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందో! చూపు ఆనక సూదిలో దారం ఎక్కించలేకపోయింది, మూడుసార్లు ప్రయత్నించి సూది ఆ అమ్మాయికి ఇచ్చింది. దారం ఆ అమ్మాయి ఎక్కించింది, కుట్టు అమ్మ వేసింది. చేతులు వణికాయి, కుట్లు కొంచెం వంకర పోయాయి, ఒక పట్టీకే ముప్పావుగంట పట్టింది. ఆ సాయంత్రం బెల్లు రెండుసార్లు మోగింది.

ఆ అమ్మాయికి ఇది ఎవరైనా నేర్పారా అని అడిగితే లేదంది, వాళ్ళ అమ్మమ్మ అలాగే ఉండేదట, ఏదో ఒక పని చెప్పకపోతే ముభావంగా అయిపోయేదట. అమెరికాలో బిల్ థామస్ అనే డాక్టర్ 1991లో ఒక చిన్న ఊరి నర్సింగ్ హోమ్‌లో, అంటే అక్కడ పెద్దవాళ్ళని ఉంచి చూసుకునే చోట, పని చేస్తూ ఇదే కనిపెట్టాడు. అక్కడి వాళ్ళని పీడించేవి మూడు, ఒంటరితనం, చేతకానితనం, ఏమీ తోచకపోవడం అని పట్టుకుని, కుక్కలు, పిల్లులు, వంద దాకా పక్షులు, మొక్కలు తెచ్చి లోపల పెట్టాడు. అక్కడున్నవాళ్ళు వాటిని చూసుకోవడం మొదలుపెట్టారు. ఎప్పుడూ ఇంకొకరితో చేయించుకునే స్థితిలో ఉన్న మనిషికి ఇంకొకరికి చేసే అవకాశం కూడా కావాలి కదా. మేం సేవ పేరుతో అమ్మ చేతుల్లోంచి ఒక్కో పనీ లాగేసుకున్నాం, మంచి మనసుతోనే.

ఒంటరితనాన్ని కొలవచ్చా అని మీకు సందేహం రావచ్చు. కొలుస్తారు. కాలిఫోర్నియాలోని యూసీఎల్‌ఏ యూనివర్సిటీలో 1978లో తయారైన 20 ప్రశ్నల స్కేలు ఒకటి ఉంది, 2004లో దాన్ని మూడు ప్రశ్నలకి కుదించారు. తోడు లేదని ఎంత తరచుగా అనిపిస్తుంది, మిమ్మల్ని వదిలేశారని ఎంత తరచుగా అనిపిస్తుంది, అందరికీ దూరంగా ఉన్నట్టు ఎంత తరచుగా అనిపిస్తుంది. దాదాపు లేదంటే 1, అప్పుడప్పుడు అంటే 2, తరచుగా అంటే 3. మొత్తం 3 నుంచి 9 మధ్య వస్తుంది, 6 దాటితే, 6 వచ్చినా సరే, పట్టించుకోవాలి. ‘ఒంటరితనం’ అనే మాట ఎక్కడా రాదు, అందులోనే ఉంది తెలివంతా, ఎందుకంటే ఆ మాట సూటిగా అడిగితే ఎవరూ ఒప్పుకోరు. నేను అడిగితే అమ్మ మూడింటికీ "లేదే" అంది, అంటే 3. వారం తర్వాత ఆ అమ్మాయి కుడుతూ కుడుతూ అడిగితే 8 వచ్చింది. కూతురి మనసు కష్టపడుతుందని నాకు చెప్పలేదు. అడిగేది ఎవరన్నదీ ముఖ్యమే. ఐదు నెలల తర్వాత మళ్ళీ అడిగితే 6. పూర్తిగా పోగొడతామని ఎవరైనా చెప్తే నమ్మకండి, మా పెద్దమ్మ ఫోన్ మళ్ళీ రాదు. నాలుగున్నరకి ఇప్పుడు మా అన్నయ్య చేస్తాడు. పది నిమిషాలే, కానీ తప్పకుండా చేస్తాడు, అమ్మ నాలుగుంబావుకే మిషన్ చెవుల్లో సర్దుకుని కూర్చుంటుంది.

రాత్రి అటెండెంట్ గురించి కూడా ఒక మాట. పన్నెండు గంటలు, ముక్కూ మొహం తెలియని ఇంట్లో, తన పిల్లల్ని ఎక్కడో వదిలి కూర్చుంటుంది. ఆమెతో మేమెవరమూ పని తప్ప మాట్లాడలేదు. అమ్మే ముందు అడిగింది, "నీ పిల్లలు పడుకున్నారా" అని. ఇప్పుడు నిద్ర పట్టనప్పుడు వాళ్ళిద్దరూ ఏవో చెప్పుకుంటూ ఉంటారు, నేను లేచి వెళ్ళి మాట్లాడొద్దని చెప్పను.

రేటింగ్ అడుగుతారు కాబట్టి: శరీర సంరక్షణకి ఐదుకి నాలుగున్నర. యాప్‌కి మూడు, అందులో ఈరోజు ఎవరితో మాట్లాడింది, ఏం పని చేసింది, మిషన్ కూత వచ్చిందా అనే గడులు పెట్టమని మూడుసార్లు రాశాను, ఇంకా పెట్టలేదు, అటెండెంట్ అమ్మాయే ‘ఇతర వివరాలు’ దగ్గర టైపు చేస్తోంది. తోడు ప్యాకేజీకి మొదట ఒకటి, ఇప్పుడు నాలుగు, ఆ మార్పు అంతా ఒక్క అమ్మాయి వల్ల వచ్చింది, ఏజెన్సీ పద్ధతి వల్ల కాదు. మీరు ఏ సర్వీసు తీసుకున్నా డబ్బు కట్టేముందు మనిషిని ఎన్నాళ్ళకి మారుస్తారు, మార్చేముందు పాత మనిషీ కొత్త మనిషీ ఒక రోజైనా కలిసి ఉంటారా, చెవి మిషన్, కళ్ళజోడు చూడ్డం నేర్పారా, పేషెంటుతో మాట్లాడొద్దనే రూల్ ఉందా అని అడగండి. తడబడితే ఇంకో చోట చూసుకోండి.

ఎక్కువ పని ఉండే కేసు కింద మార్చాలన్న మాట మళ్ళీ ఎత్తలేదు వాళ్ళు. పోయిన వారం కాంట్రాక్టు ఇంకో ఆరు నెలలకి పొడిగించాం, మంగళవారం, శుక్రవారం ఆ అమ్మాయే వస్తుందని కాగితం మీద రాయించుకున్నాకే సంతకం పెట్టాను. అమ్మ సంతకం కూడా పెట్టించాను, చదివి వినిపించాక.